మనసుల చదువు – గురుశిష్యుల ఉమ్మడి కృషి

"దండం దశగుణం భవేత్" అనే మాట తెలుగు పల్లెబడుల్లో తరతరాలుగా చెల్లుబాటయింది. బెత్తం, గోడకుర్చీ, గుంజీలు – పిల్లవాణ్ణి దారిలో పెట్టడానికి పెద్దలకు తెలిసిన ఉపాయాలు చాలాకాలం ఇవే. మక్తబ్‌లోనూ సర్కారు బడిలోనూ ఈ విషయంలో పెద్ద తేడా ఉండేది కాదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం తన 17వ సెక్షన్‌లో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పక్కన పెట్టమని చట్టం చెప్పింది గాని, ఖాళీ అయిన ఆ చేతిలోకి ఏమి రావాలో చెప్పలేదు. కోపంతో పక్కవాడి మీద చేయి చేసుకున్న పిల్లవాణ్ణి ఏం చేయాలి? ఎవరూ ఆటలో కలుపుకోక మూలన కూర్చునే అమ్మాయి సంగతేమిటి? పరీక్ష పేరెత్తితేనే చెమటలు పట్టే కుర్రవాడికి ధైర్యం చెప్పవలసింది ఎవరు?

ఇటువంటి ప్రశ్నలకు జవాబుగా విద్యావేత్తలు గత యాభై ఏళ్ళలో రూపొందించిన పద్ధతికి 'సాంఘిక భావోద్వేగ అభ్యసనం' అని పేరు. పేరు బరువైనదే గాని విషయం తేలికగానే అర్థమవుతుంది. తన మనసులో కదిలేది కోపమా, భయమా, అసూయా అని పిల్లవాడు గుర్తుపట్టగలగాలి. గుర్తుపట్టి దాన్ని అదుపులో పెట్టుకోగలగాలి. ఎదుటివాడికి కూడా తనలాగే మనసుంటుందని తెలుసుకోవాలి. నలుగురితో కలిసి పనిచేయడం, తగవు వస్తే తీర్చుకోవడం, ఒక పని చేసేముందు దాని పర్యవసానం ఆలోచించడం – ఇవన్నీ లెక్కలూ వ్యాకరణమూ లాగే అభ్యాసంతో వస్తాయని, బడిలో వాటికీ చోటుండాలని ఈ పద్ధతి చెబుతుంది.

ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండదు. చిక్కు ఆ తర్వాతనే మొదలవుతుంది. దీన్ని ఎవరు, ఎవరికి నేర్పాలి? నీతిపాఠం చెప్పినట్టు ఉపాధ్యాయుడు బల్ల ముందు నిలబడి "కోపం తగ్గించుకోండి" అని చెబితే సరిపోతుందా? సరిపోదని అనుభవం తేల్చింది. ఉపాధ్యాయుడూ విద్యార్థీ కలిసి చేసుకోవలసిన పని ఇది. ఆ కలయిక కుదిరినచోట ఫలితం కనిపించింది, కుదరనిచోట మంచి పథకాలు కూడా నీరుగారిపోయాయి.

పాత మాట, కొత్త పేరు

ఈ ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన 'ముఖద్దిమా'లో విద్యార్థుల పట్ల కాఠిన్యం వారికి హాని చేస్తుందనే అంశం మీద ఒక అధ్యాయమే ఉంది. కఠినంగా పెరిగిన పిల్లవాడిలో ఉత్సాహం చచ్చిపోతుందనీ, సోమరితనం పట్టుకుంటుందనీ, దెబ్బలకు భయపడి మనసులో ఒకటి పెట్టుకుని పైకి మరొకటి చెప్పడం అలవాటవుతుందనీ ఆయన వివరించాడు. అబద్ధం, కపటం అలా క్రమేణా అతని స్వభావమే అయిపోతాయి. ఆయన అక్కడితో ఆగక, దౌర్జన్యపు పాలనలో బతికిన జాతులకు కూడా ఇదే గతి పడుతుందని చెప్పాడు. అంటే తరగతి గదిలో జరిగే దాన్ని ఆయన సమాజంలో జరిగే దానికి సూక్ష్మరూపంగా చూశాడన్నమాట. ఖలీఫా హారూన్ రషీద్ తన కుమారుడు అమీన్‌కు చదువు చెప్పే గురువుకు ఇచ్చిన సూచనలను కూడా ఆయన అక్కడ ఉదహరించాడు. పిల్లవాడి మనసు మొద్దుబారేంతగా విసిగించవద్దు, సోమరితనం రుచి మరిగేంత మెత్తగానూ ఉండవద్దు, ముందు దయతో సరిదిద్దు, అది ఫలించకపోతేనే కాఠిన్యం – ఇదీ ఆ సూచనల సారం. ఇబ్న్ ఖల్దూన్ దండనను పూర్తిగా నిషేధించాడని చెప్పడం సరికాదు. అయితే దండన పిల్లవాడి స్వభావాన్ని ఎటు మళ్ళిస్తుందో అంత నిశితంగా గమనించినవారు ఆ కాలంలో అరుదు.

ఆయన గమనించిన దానికి ఇరవయ్యో శతాబ్దంలో ఒక ఊరి బడుల్లో నిలువెత్తు ఉదాహరణ దొరికింది. ఆ ఊరు అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్.

న్యూహేవెన్ బడులు

డాక్టర్ జేమ్స్ కోమర్ నల్లజాతి కుటుంబంలో 1934లో పుట్టాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు, తల్లి ఇళ్ళలో పనిచేసేది. ఆమెకు దక్కిన బడి చదువు రెండేళ్ళయినా లేదు. కాని ఆ ఇంట్లోని ఐదుగురు పిల్లలూ కలిసి 13 డిగ్రీలు సంపాదించారు. కోమర్‌కు చిన్ననాటి స్నేహితులు ముగ్గురుండేవారు. తెలివిలో అతనికి ఏమాత్రం తీసిపోనివారు. వారిలో ఒకడు తాగుడుకు బలై చిన్నవయసులోనే చనిపోయాడు. ఒకడి జీవితంలో ఎక్కువ భాగం జైలులో గడిచింది. మూడోవాడు మానసిక చికిత్సాలయాల చుట్టూ తిరిగాడు. తెలివి సమానమే, వీధి ఒక్కటే, బడి కూడా ఒక్కటే. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లల మానసిక వైద్యుడై, యేల్ విశ్వవిద్యాలయంలోని శిశు అధ్యయన కేంద్రంలో చేరిన తర్వాత కూడా కోమర్‌ను ఈ ప్రశ్న వదల్లేదు.

1968లో ఆ కేంద్రం న్యూహేవెన్‌లోని రెండు ప్రాథమిక పాఠశాలల్లో ఒక కార్యక్రమం చేపట్టింది. పిల్లలు దాదాపు అందరూ నల్లజాతి పేద కుటుంబాలవారు. నగరంలోని 33 ప్రాథమిక పాఠశాలల్లో చదువులో అట్టడుగున ఉన్నవి ఈ రెండే. నాలుగో తరగతి పిల్లలు భాషలోనూ లెక్కల్లోనూ ఏడాదిన్నర వెనకబడి ఉన్నారు. మొదటి ఏడాది అంతా గందరగోళమే. తరగతులు అదుపులో లేవు. ఉపాధ్యాయులు విశ్వవిద్యాలయం వారిని నమ్మలేదు. తల్లిదండ్రులకైతే ఆగ్రహమే వచ్చింది. బయటినుంచి వచ్చిన పండితులు తమ పిల్లల మీద ప్రయోగాలు చేస్తున్నారని అనుకోవడంలో వారి తప్పేమీ లేదు.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంఘటనను కోమర్ తర్వాత తన రచనల్లో వివరించాడు. దక్షిణాదిన ఒక పల్లె నుంచి ఎనిమిదేళ్ళ పిల్లవాడు న్యూహేవెన్ వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో ప్రతివాడూ ప్రతివాడికీ తెలుసు. ఇక్కడ పిన్ని పనికి పోతూ పోతూ అతణ్ణి బడిలో దిగవిడిచింది. ఎవరో తీసుకువెళ్ళి తరగతి వాకిట్లో నిలబెట్టారు. ఆ తరగతికి అప్పటికే వరుసగా కొత్త పిల్లలు వచ్చిపడుతున్నారు. 'మళ్ళీ ఇంకొకడా!' అనే విసుగు ఉపాధ్యాయురాలి ముఖంలో ఒక్క క్షణం కనబడింది. అది ఆ పిల్లవాడి కంటబడింది. భయంతో ఆమె కాలి మీద తన్ని బయటికి పరుగెత్తాడు.

సాధారణంగా ఏ బడిలోనైనా తర్వాత జరిగేది తెలిసినదే. పిల్లవాణ్ణి పట్టుకొచ్చి హెడ్మాస్టరు గదిలో నిలబెడతారు. శిక్ష వేసి తరగతికి పంపుతారు. వెనక బల్లల మీద ఎవడో కిసుక్కుమంటాడు. వాడు వీడి మీద కలబడతాడు. మళ్ళీ శిక్ష. కొన్ని నెలలు గడిచేసరికి 'మొండి ఘటం' అన్న పేరు స్థిరపడిపోతుంది. ఆ పేరు పై తరగతులకు అతనికన్నా ముందుగానే చేరుకుంటుంది. ఆ ముగ్గురు స్నేహితుల కథలు కూడా బహుశా ఇలాంటి చోటనే మొదలై ఉంటాయి.

న్యూహేవెన్‌లో మాత్రం ఉపాధ్యాయులు, మానసిక నిపుణులు కూర్చుని ఆ పిల్లవాడి వైపు నుంచి ఆలోచించారు. తెలిసిన ప్రపంచమంతా ఒక్కసారిగా పోగొట్టుకున్న పిల్లవాడు పారిపోవడంలో వింత ఏముంది? అప్పటినుంచి కొత్త విద్యార్థిని చేర్చుకునే పద్ధతే మారిపోయింది. వచ్చే పిల్లవాడి గురించి తరగతికి ముందుగానే చెప్పేవారు. కొత్తచోట అడుగుపెడితే ఎలా ఉంటుంది, మనం ఏం చేస్తే అతనికి ధైర్యం వస్తుంది అని పిల్లలనే అడిగేవారు. స్వాగతం చెప్పే పని పిల్లలదే. కుదురుగా చదివే ఒక విద్యార్థి తోడుగా ఉండి బడి అంతా చూపించేవాడు. ఇందులో ఖర్చు లేదు, పుస్తకం లేదు, పరీక్ష అంతకన్నా లేదు. కాని ఒక పిల్లవాడి భయం ఆ తరగతిలోని తక్కిన పిల్లలందరికీ ఎదుటివాడి మనసు గురించిన పాఠమైంది. ఉపాధ్యాయురాలికీ అయింది, ఆ మాట దాచవలసిన పనిలేదు.

ఇటువంటిదే మరొక నిర్ణయం. ఉపాధ్యాయురాలి మీద నమ్మకం కుదరడానికే కొందరు పిల్లలకు ఏడాదిలో చాలాభాగం పట్టేది. నమ్మకం కుదిరేసరికి ఏడాది ముగిసి పై తరగతిలో కొత్త ముఖం ఎదురయ్యేది. దాంతో పిల్లలను వరుసగా రెండేళ్ళు ఒకే ఉపాధ్యాయురాలి దగ్గర ఉంచే ఏర్పాటు చేశారు.

బడి నడపడానికి హెడ్మాస్టరు అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. ఉపాధ్యాయుల ప్రతినిధులు, తల్లిదండ్రుల ప్రతినిధులు, మానసిక నిపుణుడు, బోధనేతర సిబ్బంది అందులో ఉండేవారు. ఆ సంఘం మూడు నియమాలు పెట్టుకుంది. మొదటిది, తప్పు ఎవరిదని వెతకకుండా సమస్య ఎలా తీరుతుందని చూడాలి. రెండోది, ఓట్లు లెక్కపెట్టకుండా అందరికీ సమ్మతమయ్యేదాకా మాట్లాడుకోవాలి. ఓటులో ఓడినవాడు పనిలో మనసు పెట్టడని వారి అనుభవం. మూడోది, హెడ్మాస్టరు సంఘాన్ని తన మాటకు ముద్ర వేసే రబ్బరు స్టాంపుగా వాడుకోకూడదు, సంఘం హెడ్మాస్టరు చేతులు కట్టేయకూడదు. పెద్దలు ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటున్నారో పిల్లలు రోజంతా చూస్తూనే ఉంటారు. గొంతు చించుకుని పోట్లాడే పెద్దలు పిల్లలకు శాంతం నేర్పలేరు.

తల్లిదండ్రుల కోరిక మీద, వారితో కలిసి, 1977లో ఒక ప్రత్యేక పాఠ్యప్రణాళిక తయారైంది. మేయరు ఎన్నికలు జరుగుతున్న సమయం అది. అభ్యర్థులను బడికి ఆహ్వానిస్తూ పిల్లలే ఉత్తరాలు రాశారు. పెద్దలు చందాలు వేసుకుని బస్సులు మాట్లాడి పిల్లలకు ఊరంతా చూపించారు. వచ్చిన అతిథిని ఎలా ఆదరించాలి, మనసు నొప్పించకుండానే కావలసిన సంగతి రాబట్టే ప్రశ్న ఎలా అడగాలి, తర్వాత కృతజ్ఞతలు చెబుతూ జాబు ఎలా రాయాలి – ఇవన్నీ చేస్తూ నేర్చుకున్నారు. భాషాపాఠమూ, పౌరశాస్త్రమూ, మర్యాదా ఒకే పనిలో కలిసిపోయాయి. ప్రత్యేకంగా 'నీతి పీరియడు' పెట్టవలసిన అవసరం రాలేదు.

1979 నాటికి నాలుగో తరగతి పిల్లలు తమ తరగతికి ఉండవలసిన స్థాయిని అందుకున్నారు. 1984లో ఈ కార్యక్రమం నడిచిన రెండు పాఠశాలలు నగరంలో మూడో స్థానంలోనూ నాలుగో స్థానంలోనూ నిలిచాయి. పిల్లల ఇళ్ళలో పేదరికం అలాగే ఉంది, పేటలు మారలేదు. అయితే మొదలుపెట్టిన 1968కీ, ఫలితం తేలిన 1984కీ మధ్య పదహారేళ్ళు గడిచాయి. ఏడాది తిరగకముందే నివేదిక అడిగే అధికారులు ఈ లెక్కను గోడకు తగిలించుకుంటే మంచిది.

వలయంగా కూర్చుంటే

తరగతిలో ఈ సహకారం రోజువారీ ఎలా నడుస్తుంది? అనేకచోట్ల వాడుకలోకి వచ్చిన రూపం తరగతి సమావేశం. అమెరికాకే చెందిన మానసిక వైద్యుడు విలియం గ్లాసర్ 1969లో వెలువరించిన ఒక గ్రంథంలో దీనిని విపులంగా వర్ణించాడు. పిల్లలూ ఉపాధ్యాయుడూ వలయంగా కూర్చుంటారు. వలయంలో ముందు బల్ల, వెనక బల్ల ఉండవు, ప్రతివాడికీ ప్రతివాడి ముఖం కనిపిస్తుంది. మాట్లాడుకునేది తరగతికి నిజంగా సంబంధించిన సంగతి. ఆటస్థలంలో పెద్దపిల్లలు బంతి ఇవ్వడం లేదు, ఒకడి పెన్సిలు పోయింది, ఒకరికి అడ్డపేరు పెట్టారు – ఏదైనా కావచ్చు. గ్లాసర్ పెట్టిన షరతు ఒక్కటే: చర్చ పరిష్కారం వైపు పోవాలి గాని, దోషిని తేల్చి శిక్షించే వైపు పోకూడదు.

ఈ షరతు చిన్నదిగా కనిపిస్తుంది గాని అసలు కష్టమంతా ఇందులోనే ఉంది. "ఎవరు చేశారు?" అని అడగడం ఉపాధ్యాయుడికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. అలా అడిగిన మరుక్షణం వలయం కాస్తా న్యాయస్థానమైపోతుంది. పిల్లల్లో కొందరు సాక్షులు, కొందరు ముద్దాయిలు, కొందరు వకీళ్ళు అవుతారు. ఇబ్న్ ఖల్దూన్ చెప్పిన పైకొక మాట, లోపలొక మాట అప్పుడే పుడుతుంది. దానికి బదులు "ఇలా జరిగినప్పుడు ఎవరికి ఏమనిపించింది? రేపటినుంచి ఏం చేద్దాం?" అని అడిగితే మాట్లాడే పిల్లలు మారిపోతారు. రోజూ చేయి ఎత్తే నలుగురే కాక, ఎన్నడూ నోరు విప్పనివాడు కూడా ఏదో ఒకటి అంటాడు. ఉపాధ్యాయుడు ఇక్కడ తీర్పరి కాదు. మాట ఎవరినైనా గాయపరిచేలా ఉంటే ఆపుతాడు, లేకపోతే వింటాడు. పిల్లలు ఒప్పుకున్న పరిష్కారం తనకు అంతగా నచ్చకపోయినా, ప్రమాదం లేనిదైతే వారం రోజులు నడవనిచ్చి మళ్ళీ చర్చకు పెడతాడు.

ఇలా చేస్తే ఉపాధ్యాయుడి గౌరవం ఏం కావాలి అని కొందరు పెద్దలు అడుగుతారు. ఉస్తాద్ ముందు తలెత్తకుండా చదువుకున్న తరం వారు ఆ మాట అడగడంలో ఆశ్చర్యం లేదు. గమనించవలసింది ఏమంటే, పాఠం, సమయం, భద్రత వంటి విషయాల్లో ఉపాధ్యాయుడి అధికారం ఎక్కడికీ పోదు. అతను వదులుకునేది ఒక్కటే – పిల్లల మనసులో ఏముందో వారికన్నా తనకే బాగా తెలుసునన్న నమ్మకం.

పేరు పెరిగింది, చిక్కూ పెరిగింది

1980ల చివరలో న్యూహేవెన్‌లోనే రెండో అంకం మొదలైంది. రోజర్ వైస్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త, తన సహచరులూ, నగర విద్యాశాఖ వారూ కలిసి అన్ని పాఠశాలలకూ పనికివచ్చే సాంఘిక వికాస పాఠాలు తయారుచేశారు. వాటిలో ప్రసిద్ధికెక్కినది ట్రాఫిక్ దీపాల బొమ్మ. ఎర్రదీపం: ఆగు, శాంతించు, ఆలోచించు. పసుపుదీపం దగ్గర సమస్య ఏమిటో, నీకేమనిపిస్తున్నదో చెప్పు, ఏం కావాలో నిర్ణయించుకో, దారులెన్ని ఉన్నాయో చూడు, ఒక్కొక్కదాని పర్యవసానం ఊహించు. ఆకుపచ్చ దీపం: మంచి దారి ఎంచుకుని ప్రయత్నించు. చిన్నపిల్లలు కూడా గుర్తుపెట్టుకోగల చక్కని సాధనం. 1994లో ఈ కృషి చేసేవారంతా కలిసి ఒక సంస్థగా ఏర్పడినప్పుడే 'సాంఘిక భావోద్వేగ అభ్యసనం' అన్న పేరు స్థిరపడింది. మరుసటి ఏడాది డానియల్ గోల్‌మన్ భావోద్వేగ ప్రజ్ఞ మీద రాసిన పుస్తకంతో అది లోకమంతా తెలిసింది. 2004లో ఇలినాయ్ రాష్ట్రం శిశుతరగతి నుంచి 12వ తరగతి వరకు దీనికి ప్రమాణాలు నిర్ణయించింది.

ప్రమాణాలు వచ్చాక పుస్తకాలు వచ్చాయి, పుస్తకాల వెనక వ్యాపారం వచ్చింది. ఎర్రదీపం, పసుపుదీపం, ఆకుపచ్చ దీపం అని ఎక్కంలాగా అప్పజెప్పే పిల్లవాడు విరామ సమయంలో ఎప్పటిలాగే కొట్లాడుకోవచ్చు. గోడమీది బొమ్మకు అతని కోపంతో సంబంధం ఉందని అతనికి తోచాలి కదా! తోచాలంటే ఆ బొమ్మను అతని తగవు దగ్గరికి తీసుకురావాలి. ఆ పని అచ్చుపుస్తకం చేయలేదు.

పరిశోధనలు ఈ విషయాన్నే రెండు వైపుల నుంచి చూపించాయి. 2011లో వైస్‌బర్గ్, జోసెఫ్ డర్లాక్, మరి ముగ్గురు కలిసి 213 కార్యక్రమాల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటిలో పాల్గొన్న విద్యార్థులు 2,70,034 మంది. చదువులో సగటున 11 పర్సెంటైల్ పాయింట్ల మేలు కనబడింది. అంటే వందమందిలో సరిగ్గా మధ్యన నిలిచే విద్యార్థి మరో పదకొండు మందిని దాటి ముందుకు వచ్చాడని అర్థం. ఆ పత్రంలో అంతగా ప్రచారం కాని ముక్క మరొకటి ఉంది. బయటి నిపుణులు వచ్చి నడిపిన కార్యక్రమాల్లో చదువు స్పష్టంగా మెరుగుపడలేదు. తమ బడి ఉపాధ్యాయులే నడిపినచోటనే మెరుగుపడింది. వారానికోసారి కారులో వచ్చి ఉపన్యసించి వెళ్ళే వక్త ఎంత గొప్పవాడైనా, పిల్లవాణ్ణి రోజూ చూసే టీచరుకు సాటిరాడని దీని భావం.

రెండో వైపు బ్రిటన్‌లో కనబడింది. అక్కడ 84 పాఠశాలల్లో 11–13 ఏళ్ళ పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. సగం బడుల్లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, మైండ్‌ఫుల్‌నెస్ అనే మనోనిగ్రహ సాధనను పిల్లలకు నేర్పించారు. మిగతా బడుల్లో మామూలుగా జరిగే సాంఘిక భావోద్వేగ పాఠాలే జరిగాయి. తేడా ఏమీ తేలలేదు. ఇంటి దగ్గర సాధన చేయమని చెబితే ఎక్కువమంది చేయనేలేదు. ఉపాధ్యాయులు నడిపినా ఫలించలేదంటే కారణం ఏమిటి? కారణాలు అనేకం ఉండవచ్చు. కాని ఆ పిల్లలకు తమకేమి కావాలో ముందుగా చెప్పే అవకాశం దక్కలేదన్నది విస్మరించరానిది. పన్నెండేళ్ళ పిల్లవాడికి తన మనసు మీద మరొకరు రాసిచ్చిన ఔషధం పట్ల సహజంగానే విముఖత ఉంటుంది.

ఉపాధ్యాయుడి మనసు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్యాట్రీషియా జెన్నింగ్స్, మార్క్ గ్రీన్‌బర్గ్ 2009లో ప్రచురించిన ఒక వ్యాసంలో తరగతి వాతావరణానికి ఉపాధ్యాయుల మానసిక స్థితే మూలమని వాదించారు. అలసి, విసిగి ఉన్న ఉపాధ్యాయుడు తరగతిని అదుపులో పెట్టలేడు. అదుపు తప్పిన తరగతి అతన్ని ఇంకా అలసిపోయేలా చేస్తుంది. ఈ సుడిగుండంలో పడ్డవాడికి మరో కొత్త పథకం అప్పగించడం మునిగేవాడి నెత్తిన మూట పెట్టడమే. జనాభా లెక్కలు, ఎన్నికల విధులు, ఫారాలు నింపే పనులు మీదపడే బడిపంతులుకు పిల్లవాడి మాట ఆలకించే తీరిక ఎవరిస్తారు అన్న ప్రశ్న న్యాయమైనదే.

భారతదేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2018 జూలైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు 'హ్యాపీనెస్' పాఠ్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. రోజుకొక పీరియడు, కథలు, చర్చ, కొద్దిసేపు నిశ్శబ్దం. మార్కులు, పరీక్ష లేకుండా చూశారు. మార్కులు పెట్టి ఉంటే పిల్లలు సంతోషాన్ని కూడా బట్టీపట్టి ఉండేవారు గనుక, ఆ ఒక్క జాగ్రత్తకైనా దాన్ని మెచ్చుకోవాలి.

జూన్ నెలలో కొత్త పిల్లలు

న్యూహేవెన్ వాకిట్లో నిలబడ్డ ఆ ఎనిమిదేళ్ళ పిల్లవాడు తెలుగునేలకు దూరపువాడేమీ కాదు. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలయ్యాయి. ఐదో తరగతి నుంచే ప్రవేశం. పదేళ్ళ పిల్లలు అమ్మీ, అబ్బా చేయి వదిలి, ట్రంకు పెట్టెతో హాస్టలు గదిలో అడుగుపెట్టారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఇప్పుడు తరగతిలో ఇంగ్లీషు. మొదటి వారంలో రాత్రిళ్ళు ఏడ్చేవారు, అన్నం మానేసేవారు, గేటు దగ్గర నిలబడి దారి చూసేవారు ఏ హాస్టలులోనైనా ఉంటారు. వారిని మందలించవచ్చు. 'మూడు రోజుల్లో వాడే అలవాటు పడతాడు' అని వదిలేయవచ్చు. చాలామంది అలవాటు పడతారు కూడా. పడనివారు సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ తిరిగిరారు. వారితోపాటు, ఇంట్లో మొదటిసారి ఒకరు పదో తరగతి దాటే అవకాశం కూడా వెళ్ళిపోతుంది.

ఇక్కడ కావలసింది పెద్ద పథకం కాదు. ఏప్రిల్‌లోనే, వెళ్ళిపోయేముందు, ఐదో తరగతి పిల్లలను వలయంగా కూర్చోబెట్టి ఒక వార్డెనో, టీచరో అడగవచ్చు: మీరు వచ్చిన మొదటి రాత్రి ఏది ఎక్కువ కష్టమనిపించింది? ఎవరు ఏం చేసి ఉంటే బాగుండేది? జవాబులు పెద్దలు ఊహించినవి కాకపోవచ్చు. ఒకడికి చీకట్లో మరుగుదొడ్డికి పోవడం భయమై ఉంటుంది. మరొకడికి భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక ఆకలి చచ్చిపోయి ఉంటుంది. ఇంకొకడు అమ్మకు ఫోను చేసే వంతు ఎప్పుడొస్తుందో అడగడానికి జంకి ఉంటాడు. ఆ జవాబులను బట్టి జూన్ నెల ఏర్పాట్లు పిల్లలూ టీచర్లూ కలిసి నిర్ణయించుకోవాలి. కొత్తవాడికి తోడుగా ఎవరుండాలో, ఏ మంచం పక్కన ఏ మంచం వేయాలో, మొదటి రోజు సాయంత్రం ఏ ఆట ఆడాలో ఆ పిల్లలే చెబుతారు. గేటు తెరిచే రోజున కొత్త పిల్లల ట్రంకు పెట్టెలు అందుకోవడానికి కిందటేడు ఏడ్చినవారే ముందు నిలబడతారు.